సత్రభోజనమునకు నగరానుమతి

ఈ సంచికకు చరిత్రవిషయకమైన వ్యాసమొకటి వ్రాయుమని కార్యదర్శిగారు కోరినప్పుడు మాకు గోత్రములును శాసనములును స్ఫురింపలేదు. రెండేండ్ల క్రిందట మన విద్యార్థి సత్రమున తొమ్మిది దినములు పొయ్యి యారియుండిన సంగతియే మనస్సున మెదలినది. అనుమతిపత్రము లేదని నగరాధికారులు వంట నాపించిరి. "అన్నము పెట్టుటకు చీటి యేమి? మన మమ్ముకొనుచున్నామా?" యని కార్యవర్గసభలో మండిపడినవారిలో మేమును ఒకరము. పిదప కోపము చల్లారి గ్రంథములు తిరుగవేయగా, ఆ చీటి మనము తలచినంత క్రొత్తది కాదని తేలినది.

కౌటిల్యుని యర్థశాస్త్రమున రెండవ యధికరణములో నాగరికుని, అనగా నగరపాలకుని, విధులు చెప్పబడినవి. ధర్మావసథములు నడుపువారు వేదబాహ్యులగు బాటసారులకు బస యిచ్చుటకు ముందు అధికారికి తెలుపవలెను. వండిన యన్నమును మాంసమును అమ్మువారు తా మెఱిగినవారినే యొద్ద నుంచుకొనవలెను. వేసవి పగటివేళ పొయ్యి రాజేయుటకును కట్టడి గలదు. సత్రము ధర్మార్థమైనను నగరపాలకుని దృష్టికి వెలియైనది కాదన్నమాట. అయితే ఈ ప్రకరణమున కౌటిల్యుడు వెఱచినది అపరిచితునకును అగ్నికిని. అన్నములోని దోషమునకు గాదు.

పల్లెలో నీ ప్రశ్నయే పుట్టదు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841-1909) ఆకలిగొని వచ్చిన వారికెల్ల వేళయనక వండిపెట్టిరి. ఆ యమ్మను పత్రమడిగినవారు లేరు. అడుగవలసిన పనియు లేదు. వండిన చేయి తినువాని కన్నులయెదుటనే యుండెను. నగరమున నట్లు కాదు. బియ్య మొకచోటిది, నూనె యొకచోటిది, నీరు మిద్దెమీది తొట్టిలోనిది. వంటవాడు నిన్న కుదిరి రేపు మానువాడు. నూర్గురు పిల్లలు ఎవరిని నమ్మి విస్తరి ముందు కూర్చుందురు?

ఆంగ్లప్రభుత్వమువారి 1867 నాటి సరాయిల చట్టము, సరాయి నడుపువారు పేరు నమోదు చేయించుకొని గదులను బావులను శుభ్రముగా నుంచవలెనని విధించెను. 1939 నాటి మదరాసు ప్రజారోగ్యచట్టమున బస గృహములకును, ఆహార నియంత్రణమునకును, తిరునాళ్లకును వేఱువేఱు ప్రకరణము లేర్పడినవి. 1954 నాటి కల్తీ నిరోధక చట్టము ముఖ్యముగా విక్రయమును పట్టుకొనియున్నది. 2006లో నేర్పడి 2011లో నమలునకు వచ్చిన ఆహారభద్రతా చట్టము మాత్రము, లాభమున్నను లేకున్నను అన్నము సమకూర్చు ప్రతి సంస్థయు ఆహార వ్యాపారమే యన్నది. మా కోపమునకు కారణమైన మాట యిదియే. ధర్మమును వ్యాపారమనుట చెవికి కటువే. నేటికిని మాకు కటువే. కాని చట్టము దాత పుణ్యమును కొలుచుట లేదు, తినువాని కడుపును చూచుచున్నది.

2013 జులై 16న బీహారులోని గండామన్ గ్రామపు బడిలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. పురుగుల మందు కలిసిన నూనెతో నాటి వంట జరిగినది. అంతకు సరిగా తొమ్మిదేండ్ల ముందు, 2004లో నదే తేదీన, కుంభకోణమున బడి వంటశాల నిప్పు తాటాకుల పైకప్పు కంటుకొని 94 మంది బిడ్డలు కాలిపోయిరి. నలువదేండ్లు పిల్లల మధ్య మెలగిన మేము ఈ రెండు వార్తలు చదివిన దినముల నన్నము ముట్టలేకపోతిమి.

మన సత్రమునకు తనిఖీకి వచ్చిన యువకుడు తొట్టి నెన్నడు కడిగించితిరని యడిగెను. మాలో నెవ్వరును బదులు చెప్పలేకపోయిరి. వంటవారిని వైద్యునిచే పరీక్ష చేయించితిరా యనెను. అదియు లేదు.

2011 నాటి నియమముల ప్రకారము, సాంఘిక మతసంబంధ సమావేశములలో నన్నము పంచు చిన్న సంస్థలకు పేరు నమోదు చాలును. రుసుము ఏటికి 100 రూపాయలు. వంటవారికి ఏటేట వైద్యపరీక్ష, విషజ్వరాదులకు టీకాలు, త్రాగదగిన నీరు, పత్రమును నలుగురికి కనబడునట్లుంచుట విధులు. పెండ్లిండ్లకు వంట గుత్తకు దీసికొనువారు వేఱుగ తమ పత్రము పొందవలెను. సత్రమును పెండ్లికి అద్దెకిచ్చునపుడు మనవారు దానిని చూపుమని యడుగుట మేలు, మొగమాటపడి మానుచున్నారు.

పదియవ దినమున పొయ్యి వెలిగినది. పత్రమిప్పుడు దాతల శిలాఫలకము క్రింద వ్రేలాడుచున్నది. నీటితొట్టికి మాత్ర మింకను రేకుమూతయే యున్నది. ఈ యేటి విరాళములలో మొదటి సొమ్ము దానికే వెచ్చింపుడని కోశాధికారిగారికి జాబు వ్రాసియున్నాము.