పాత రాగి పైసలు తోమకండి: రంగును బట్టి గ్రేడ్, గ్రేడ్‌ను బట్టి ధర

నానీమా పాన్‌దాన్‌లోనో, దాదా సందూక్ అడుగున గుడ్డ మూటలోనో నాలుగు నిజాం కాలం రాగి పైసలు లేని పాత హైదరాబాదీ ఇల్లు అరుదు. పండగకు ఇల్లు సర్దేటప్పుడో, విరాసత్ పంచుకునేటప్పుడో అవి బయటికొస్తాయి. చూస్తే నల్లగా, ముదురు గోధుమ రంగులో ఉంటాయి. ఎవరో ఒకరు చింతపండు తెస్తారు, లేదా ఇత్తడి గిన్నెలు తోమే పొడి తెస్తారు. ఐదు నిమిషాల్లో పైసా తళతళలాడుతుంది. నాణేలు సేకరించేవాళ్ల లెక్కలో దాని విలువ ఆ ఐదు నిమిషాల్లోనే పడిపోతుంది.

దీనికి కారణం రాగి స్వభావంలోనే ఉంది. టంకసాల నుంచి బయటికొచ్చిన రోజు రాగి నాణెం నారింజ కలిసిన ఎరుపులో ఉంటుంది. గాలి తగలగానే పైన పల్చటి ఆక్సైడ్ పొర మొదలవుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఎరుపు కాస్తా ఇటుక రంగుకు, తర్వాత చాక్లెట్ గోధుమకు మారుతుంది. గాలిలో గంధకం ఎక్కువుంటే ఇంకా నలుపెక్కుతుంది. దీన్నే టోనింగ్ అంటారు. ఇది మురికి కాదు, ఆ లోహమే మారిన రూపం. గట్టిగా అతుక్కుని ఉండే ఈ పొర అడుగున ఉన్న రాగిని కొంతవరకు కాపాడుతుంది కూడా. చింతపండులోని పులుపు ఈ పొరను కరిగిస్తుంది. కరిగినప్పుడు నాణెం పైపొర కూడా కాస్త పోతుంది. కింద నుంచి గులాబీ రంగు కలిసిన పచ్చి రాగి కనిపిస్తుంది. అది టంకసాల ఎరుపు కానే కాదు. రోజూ నాణేలు చూసే కన్ను ఆ తేడాను దూరం నుంచే పట్టేస్తుంది.

గ్రేడింగ్‌లో రంగుకు చోటెక్కడ? ఇవాళ ప్రపంచమంతా వాడే 70 మార్కుల స్కేలు పుట్టిందే రాగి నాణేల కోసం. విలియం షెల్డన్ అనే అమెరికన్ 1949లో తమ దేశపు పాత రాగి సెంట్ల మీద రాసిన పుస్తకంలో దీన్ని పెట్టాడు. తర్వాత అది వెండికీ బంగారానికీ పాకింది. రాగికి మాత్రం మార్కులతో పాటు రంగును కూడా రాస్తారు: రెడ్, రెడ్-బ్రౌన్, బ్రౌన్. అమెరికాకు చెందిన పీసీజీఎస్ సంస్థ పద్ధతిలో అసలు ఎరుపు సుమారు 95 శాతం మిగిలి ఉంటే రెడ్, 5 శాతం కంటే తక్కువైతే బ్రౌన్, ఆ మధ్యలోది రెడ్-బ్రౌన్. మార్కులు సమానంగా ఉన్న రెండు నాణేల్లో రెడ్ నాణెం బ్రౌన్ కంటే ఎన్నో రెట్లు పలకొచ్చు. తోమిన నాణేనికి మాత్రం అసలు మార్కులే ఇవ్వరు. 'క్లీన్ చేసింది' అని రాసి, అరుగుదల ఎంతో చెప్పి వదిలేస్తారు.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. ఎరుపు నిలకడగా ఉండదు. డబ్బాలో సీలు వేసినా మెల్లగా మారుతూనే ఉంటుంది. అందుకే పీసీజీఎస్ 2010 నుంచి రాగి రంగుకు పూచీ ఇవ్వడం మానేసింది. రెడ్ అని రాసుందని భారీ ధర పెట్టి కొనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. నా మటుకు, సమంగా పట్టిన మంచి గోధుమ రంగు నాణెమే నమ్మకమైన సొత్తు.

మన నిజాం పైసలకు ఇది ఎలా వర్తిస్తుంది

హైదరాబాద్‌లో టంకసాల 1803లో సికందర్ జా కాలంలో సుల్తాన్‌షాహీలో మొదలైంది. 1903లో సైఫాబాద్‌కు మారింది. ఆ రోజుల్లోనే మహబూబ్ అలీ ఖాన్ హయాంలో యంత్రం మీద కొట్టిన కొత్త సిక్కాలు వచ్చాయి. వెండి రూపాయి మీద చార్మినార్, చిన్న రాగి జాతి నాణేల మీద తుగ్రా. ఒక పాయి, రెండు పాయిలు, అర్ధణా కంచువి. కంచు అంటే తొంభై పాళ్లకు పైగా రాగే కాబట్టి టోనింగ్ సంగతి దీనికీ వర్తిస్తుంది. అంతకుముందు చేత్తో కొట్టిన మందపాటి, వంకర టింకర రాగి ముక్కలు చలామణీలో ఉండేవి. మన భాషలో 'డబ్బు' అనే మాట కూడా మొదట ఒక రాగి నాణెం పేరే.

రెండు పాయిల నాణెం చేతికొస్తే ముందు చూడాల్సింది రంగు కాదు. హిజ్రీ సంవత్సరం చూడాలి, జులూస్ అంకె చూడాలి, తుగ్రా గీతలు ఎంత నిండుగా ఉన్నాయో చూడాలి. 1329 హిజ్రీలో, అంటే 1911లో, మహబూబ్ అలీ ఖాన్ పోయి ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కారు. వెండి రూపాయి మీద చార్మినార్ గుమ్మంలో 'మీమ్' పోయి 'ఐన్' వచ్చింది. ఇలాంటి మార్పు జరిగిన సంవత్సరాల్లో ఒక్క అక్షరం, ఒక్క అంకె నాణేన్ని మామూలు నుంచి అరుదుకు మార్చగలవు. ఆ అంకెలు చాలా సన్నగా ఉంటాయి. పొడి వేసి రుద్దితే మొదట అరిగేవి అవే.

చేతులు మారి అరిగిన మామూలు సంవత్సరపు రెండు పాయిలకు బజారులో వందల్లోనే ధర, లక్షల్లో కాదు. 1940లలో వచ్చిన, మధ్యలో రంధ్రం ఉన్న రెండు పాయిలు కూడా చాలా ఇళ్లలో ఉన్నాయి. చలామణీలోకి వెళ్లకుండా ఎక్కడో దాగి, అక్షరాల మూలల్లో ఇంకా ఎరుపు మిగిలిన నాణెం దొరికితే అది వేరే లెక్క.

ఆ ఎరుపు ఎక్కడ మిగిలిందో చూస్తే అసలుదా నకిలీదా తెలుస్తుంది. సహజంగా మారిన నాణెంలో ఖాళీ మైదానం, ఎత్తైన భాగాలు ముందు గోధుమరంగుకు మారతాయి. అక్షరాల సందుల్లో, అంచు లోపలి వైపు ఎరుపు ఎక్కువకాలం దాక్కుని ఉంటుంది. నాణేన్ని వంచి తిప్పితే మెరుపు చక్రంలా తిరుగుతుంది. తోమినదానిలో ఆ మెరుపు చచ్చిపోతుంది, సన్నటి గీతలు ఒకే దిక్కుగా కనిపిస్తాయి, ఎరుపు అంతటా ఒకేలా ఉంటుంది.

ఫిల్మ్ నగర్ విద్య

జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ వైపు ఉండేవాళ్లకు 'ఏజింగ్' అనే మాట కొత్త కాదు. నిన్న చేసిన చెక్క తలుపును నూరేళ్ల హవేలీ తలుపుగా చూపించడం సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కు రోజూ పనే. తెర మీద అది కళ. నాణేల బజారులో అదే పని మోసం. తోమి పాడైన పైసాకు గంధకం పట్టించో, వేడి చేసో, రసాయనం పూసో మళ్లీ 'పాతదనం' తెప్పిస్తారు. ఊదా, నీలం, గులాబీ రంగులు పెట్రోలు చుక్క నీటిమీద పరుచుకున్నట్టు మెరుస్తుంటే, రంగు బొమ్మ గీతలతో సంబంధం లేకుండా మరకల్లా పాకి ఉంటే అనుమానించాలి. ఫోన్‌లో పంపిన ఫొటోను నమ్మొద్దు, ఎరుపు పెంచడం ఒక్క వేలి పని. పగటి వెలుతురులో నాణేన్ని తిప్పుతూ తీసిన వీడియో అడగండి.

ఫిల్మ్ నగర్ గుట్టల పక్కనే షేక్‌పేట, అక్కణ్ణుంచి కాస్త ముందుకెళ్తే కుతుబ్‌షాహీ గుంబజ్‌లు, గోల్కొండ. కుతుబ్‌షాహీలు సొంత పేరుతో కొట్టించినవి ప్రధానంగా రాగి ఫలూస్‌లే. మూడు, నాలుగు వందల ఏళ్లు మట్టిలో ఉన్న ఫలూస్ మీద ఎరుపు వెతకడం దండగ. దాని అందం అంతా గట్టిపడిన ఆకుపచ్చ, నలుపు, గోధుమ పొరలోనే ఉంటుంది. చాలాసార్లు అక్షరాలు నిలిచి ఉన్నది ఆ పొరలోనే. దాన్ని గీకేస్తే గుంటలు పడిన లోహం తప్ప ఏమీ మిగలదు.

అయితే ప్రతి పచ్చదనం మంచిది కాదు. గట్టిగా, నున్నగా ఉంటే వదిలేయండి. లేత ఆకుపచ్చ పొడిలా రాలుతూ, తుడిచినా మళ్లీ పుడుతుంటే అది కంచు రోగం. క్లోరైడ్, తేమ కలిసి లోహాన్ని లోపలి నుంచి తినేస్తాయి. ఆ నాణేన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరుచేసి పొడి చోట పెట్టి, తెలిసినవాళ్లకు చూపించాలి. జిగురుగా పచ్చగా అంటుకుంటే మాత్రం తప్పు మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లది. దాన్ని స్వచ్ఛమైన ఎసిటోన్‌లో ముంచి తీయొచ్చు, అది రాగి పొరను ముట్టదు. కానీ రుద్దకూడదు, గాలి ఆడే చోట, మంటకు దూరంగా చేయాలి. గోళ్ల రంగు తీసే సీసా పనికిరాదు.

పాన్‌దాన్ సంగతి కూడా చెప్పాలి. తడి ఆకు, సున్నం, కాచు ఉండే డబ్బా రాగికి అసలు మంచిది కాదు. రబ్బరు బ్యాండ్ చుట్టిన చోట నల్లటి గీత పడిపోతుంది. వేలిముద్ర కొన్నాళ్లకు మచ్చగా మారి ఉండిపోతుంది, కాబట్టి అంచు పట్టుకుని ఎత్తాలి. పీవీసీ లేని కవర్, డబ్బాలో ఒక సిలికా జెల్ పొట్లం చాలు. వానాకాలంలో ఆ పొట్లం మార్చండి.

అమ్మాలనుకుంటే ఒక హెచ్చరిక. పాత నాణేలు లక్షలకు కొంటామంటూ ఫీజు, కమిషన్, పన్ను ముందుగా కట్టమనే మోసాలున్నాయి. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే దీని గురించి ప్రజలను హెచ్చరించింది, ఇలాంటి లావాదేవీలతో తమకు ఏ సంబంధమూ లేదని, ఎవరికీ అధికారం ఇవ్వలేదని చెప్పింది. కొనేవాడు డబ్బు ఇస్తాడు గానీ మనల్ని అడగడు. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలకు పంపాలనుకునేవాళ్లు చట్టం కూడా చూసుకోవాలి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మహబూబ్ అలీ ఖాన్ పైసలన్నీ ఇప్పటికే ఆ గీత దాటాయి, ఉస్మాన్ అలీ ఖాన్ తొలి ఏళ్లవి కూడా.

తోమని నాణెం ఎలా ఉంటుందో కళ్లారా చూడాలంటే సైఫాబాద్ పాత టంకసాలలో 2022లో మ్యూజియం తెరిచారు. పిల్లల్ని తీసుకెళ్లేటప్పుడు ఇంట్లో పైసాను ఫొటో తీసుకుని వెళ్లండి, తుగ్రా గీతలు పక్కపక్కన పోల్చి చూసుకోవచ్చు.