ఇంటి వెనక షెడ్డులో పుట్టిన రేసు కార్లు

"కారు ఇంట్లో చేసుకోవడమేంటండీ, అదేమన్నా ఆవకాయా?" అన్నాడు మా టీములో ఒకాయన మొన్నామధ్య భోజనాల దగ్గర. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ మనం ఆదివారాలు టీవీలో చూసే ఫార్ములా వన్ పందేల చరిత్ర కాస్త వెనక్కి తవ్వితే, అందులో సగం జనం ఎవరో ఒకరి ఇంటి వెనక షెడ్డులో, అరువు తెచ్చుకున్న రెంచీలతో తేలతారు. అసలు ఇంగ్లండువాళ్ళకి రేసు కార్ల పరిశ్రమ అంటూ ఒకటి ఏర్పడిందే ఈ ఆవకాయ పద్ధతిలో. ఆ కథ చెప్పాలని ఈ టపా.

ముందు ఒక చిన్న కారు గురించి చెప్పాలి. దాని పేరు ఆస్టిన్ సెవెన్. 1921లో ఆస్టిన్ కంపెనీ అప్పుల్లో కూరుకుపోయి రిసీవర్ చేతిలో ఉంది. "చిన్న కారు చేద్దాం, మోటార్‌సైకిలు పక్క తొట్టె కొనేవాడు కూడా కొనుక్కోగలిగేది" అని హెర్బర్ట్ ఆస్టిన్ పట్టుబట్టాడు. బోర్డు ఒప్పుకోలేదు. ఆయనేం చేశాడంటే, స్టాన్లీ ఎడ్జ్ అనే 18 ఏళ్ళ డ్రాఫ్ట్స్‌మన్ని తన బంగళాకి పిలిపించి, బిలియర్డ్స్ గదిలో కూచోబెట్టి గీయించాడు. అంటే ఈ కారు కూడా ఇంట్లోనే పుట్టిందన్నమాట! 1922లో బయటికొచ్చింది. ఆ తర్వాత 1939 దాకా దాదాపు 2 లక్షల 90 వేల కార్లు అమ్ముడయ్యాయి. జర్మనీలో దీన్నే లైసెన్సు తీసుకుని డిక్సీ అనే పేరుతో చేసేవాళ్ళు. ఆ డిక్సీ కంపెనీని కొనుక్కునే బీఎండబ్ల్యూ కార్ల వ్యాపారంలోకి దిగింది. మన ఆఫీసు పార్కింగులో బీఎండబ్ల్యూ పెట్టుకునే మేనేజర్లకి ఈ సంగతి చెప్పి చూడండి :)

ఈ కారులో మనకి కావలసిన గుణాలు మూడు. 747 సీసీల చిన్న ఇంజను. తేలికపాటి చట్రం, పైనుంచి చూస్తే ఇంగ్లీషు 'ఏ' అక్షరంలా ఉంటుంది. ఆ చట్రం మీద బాడీ విడిగా కూచుంటుంది, కాబట్టి బోల్టులు విప్పి ఎత్తి పక్కన పెట్టేయొచ్చు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి ఈ కార్ల బాడీలు చాలావరకు కుళ్ళిపోయాయి, కింద ఇనుము మాత్రం బాగానే ఉంది. పాతసామాను కొట్లలో చవగ్గా దొరికేవి. దానికి తోడు దేశం నిండా ఖాళీగా పడి ఉన్న వైమానిక దళం రన్‌వేలు. సిల్వర్‌స్టోన్ అట్లాంటి రన్‌వేల చుట్టూ వేసిన రోడ్డే, 1948 నుంచి అక్కడ పందేలు. ఇంజను చవక, ట్రాక్ ఉచితం అనుకోండి దాదాపు. ఇహ కావలసింది పని తెలిసిన చేతులు. యుద్ధంలో విమానాలు బాగుచేసి ఇళ్ళకొచ్చిన కుర్రాళ్ళకి కొదవేముంది?

కోలిన్ చాప్‌మన్ యుద్ధానికి వెళ్ళినవాడు కాదు. 1928లో పుట్టాడు, లండన్ యూనివర్సిటీ కాలేజీలో స్ట్రక్చరల్ ఇంజనీరింగు చదువుతూ పక్కన సెకండ్‌హ్యాండ్ కార్ల బేరం చేసేవాడు. 1947 చివర్లో ప్రభుత్వం సొంత కార్లకిచ్చే పెట్రోలు కోటా ఎత్తేసింది. కార్ల ధరలు ఢమాల్. కుర్రాడు నష్టానికి అన్నీ అమ్ముకున్నాక ఒక్కటి మిగిలిపోయింది, పాత ఆస్టిన్ సెవెన్, ఎవరూ కొననిది. దాన్ని మజ్వెల్ హిల్‌లో తన గర్ల్‌ఫ్రెండు హేజల్ విలియమ్స్ వాళ్ళ ఇంటి వెనకున్న గరాజులో పెట్టుకున్నాడు. (అమ్మాయి వాళ్ళ నాన్న సహనానికి జోహార్లు. మన దగ్గరైతే బైకు ఆపుకోవడానికే భయపడతాం.) 1948లో ఆ గరాజులోంచి బయటికొచ్చిందే లోటస్ మార్క్ 1.

ఆ కారులో కొత్త ఏమిటంటే, చాప్‌మన్ దాన్ని మెకానిక్కులా కాకుండా స్ట్రక్చరల్ ఇంజనీరులా చూశాడు. అప్పటి కార్లలో బరువంతా చట్రం మోసేది, బాడీ కేవలం ముసుగు. విమానంలో అలా కాదు, పైతోలు కూడా బరువు మోస్తుంది. మనవాడు అల్యూమినియం రేకు అతికించిన ప్లైవుడ్‌తో బాడీ కట్టి, మధ్యలో అడ్డగోడలు పెట్టి, దాన్ని చట్రానికి బిగించాడు. ఆస్టిన్ చట్రానికున్న మెలికలు తిరిగే జబ్బు చాలావరకు తగ్గింది. చట్రం మెలిక తిరిగితే ఏమవుతుంది అంటారా? మలుపులో చక్రం ఏ కోణంలో ఉండాలని మీరు లెక్కేశారో ఆ కోణంలో ఉండదు. స్ప్రింగులు ఎంత మంచివి వేసినా వృథా. తర్వాత తర్వాత ఆయన ప్లైవుడ్ వదిలేసి సన్న స్టీలు గొట్టాలతో త్రిభుజాల అల్లిక పట్టుకున్నాడు. రాజమండ్రి రోడ్డు కం రైలు వంతెన మీద రైల్లో పోతుంటే కిటికీ పక్కనుంచి గబగబా వెనక్కి పోయే ఆ త్రిభుజాలే. చతురస్రాన్ని మూల పట్టుకుని నెడితే ఒరుగుతుంది, త్రిభుజం ఒరగదు. సివిల్ వాళ్ళు రెండో సంవత్సరంలో చదివేదే కదా!

ఇక్కడ నాకు బాగా నచ్చే పాత్ర 750 మోటార్ క్లబ్బుది. 1939లో ఆస్టిన్ సెవెన్ అభిమానులు పెట్టుకున్న క్లబ్బు అది. యుద్ధం తర్వాత వీళ్ళు పందేలకి నియమాలు రాశారు: ఆస్టిన్ సెవెన్ చట్రం, ఆస్టిన్ సెవెన్ ఇంజను ఉండాలి, మిగతాది మీ తెలివి. డబ్బున్నవాడు ఇటలీ నుంచి ఇంజను దింపుకోవడానికి వీల్లేదు. నా లెక్కలో ఇంగ్లండు రేసింగుని మార్చింది ఏ ఒక్క మేధావీ కాదు, ఈ కాగితం. మంచి స్పెసిఫికేషన్ అంటే ఇదీ. ఎక్కడ కట్టెయ్యాలో అక్కడ కట్టేసి, ఎక్కడ వదలాలో అక్కడ వదిలింది.

స్పెసిఫికేషన్ ఉన్నాక అందులో కన్నం వెతికేవాడూ ఉంటాడు. 1951లో చాప్‌మన్, దగ్గర్లోనే ఉండే ఆలెన్ సోదరులు మైకేల్, నైజెల్ కలిసి, వాళ్ళింటి వర్కుషాపులో తలా ఒకటి చొప్పున మూడు కార్లు చేద్దామని మొదలుపెట్టారు. పూర్తయింది ఒక్కటే, మార్క్ 3. అందులోని కిటుకు చూడండి. ఆస్టిన్ సెవెన్ ఇంజనులో సిలిండర్లు నాలుగు, గాలీ పెట్రోలూ లోపలికి పోయే దారులు రెండే. అంటే ఇద్దరికి ఒక కుళాయి. ఒక సిలిండరు పీల్చుకుంటుంటే పక్కదాని వాటా తగ్గుతుంది. నియమాల ప్రకారం కొత్త దారులు తొలవకూడదు. చాప్‌మన్ ఆ రెండు దారుల మధ్యలో సన్నటి రేకు గోడ పెట్టి వాటినే నాలుగు చేశాడు! ఆ ఏడాది 750 పందేల్లో మిగతావాళ్ళకి ఆ కారు వెనక భాగం తప్ప ఏమీ కనపడలేదు. తర్వాత క్లబ్బు ఆ కిటుకుని నిషేధించింది. నిషేధించారంటే పనిచేసినట్టే కదా.

1952 జనవరి 1న లోటస్ ఇంజనీరింగ్ అనే కంపెనీ మొదలైంది. పెట్టుబడి హేజల్ అప్పిచ్చిన 25 పౌండ్లు. కార్ఖానా వచ్చేసి హార్న్‌సీలో చాప్‌మన్ నాన్నగారు నడిపే రైల్వే హోటల్ వెనకున్న గుర్రాల శాల. అక్కడ చేసిన మార్క్ 6ని ముక్కలుగా అమ్మారు, కొన్నవాడు ఇంటికి తీసుకెళ్ళి బిగించుకోవాలి. దీనికి కారణం పన్ను. పూర్తి కారు కొంటే పర్చేజ్ టాక్సు పడుతుంది, విడిభాగాలు కొంటే పడదు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ కూడా ఇలాగే కుర్రాళ్ళకి అందింది. బిగించే విధానం రాసిస్తే పన్ను పడుతుంది కాబట్టి విప్పే విధానం రాసిచ్చేవాళ్ళనీ, కొన్నవాళ్ళు దాన్ని వెనకనుంచి చదువుకునేవాళ్ళనీ కార్లవాళ్ళు చెప్పుకుంటారు.

సెవెన్ బరువు అటూ ఇటుగా 500 కిలోలు, మొదటి ఇంజను 40 గుర్రాల బలం. మన మారుతీ 800 గుర్తుందా? దాని బరువు దాదాపు 650, బలం 37. పెద్ద తేడా ఏముంది అనిపిస్తుంది కదా? తేడా అంతా ఎత్తులో, ఆ మిగిలిన 150 కిలోలు ఎక్కడున్నాయన్నదాంట్లో ఉంది. సెవెన్‌లో డ్రైవరు దాదాపు నేల మీద కూచుంటాడు, చెయ్యి పక్కకి చాపితే రోడ్డు తగులుతుంది. బరువు కింద ఉంటే మలుపులో కారు ఒరగదు, ఒరగకపోతే నాలుగు టైర్లూ పనిచేస్తాయి. పందెం గెలిచేది తిన్నటి రోడ్డు మీద కాదు, మలుపుల్లో. బ్రిటన్‌లో 1973లో వ్యాట్ వచ్చి పన్ను తేడా పోయింది. అదే ఏడు లోటస్ ఆ మోడల్ హక్కుల్ని కేటర్‌హామ్ అనే డీలరుకిచ్చేసింది. వాళ్ళు దాన్ని సెవెన్ పేరుతోనే చేస్తూ వచ్చారు.

చాప్‌మన్ ఒక్కడే అనుకునేరు. సర్బిటన్‌లో గరాజున్న కూపర్లు, తండ్రీకొడుకులు, 1946లో రెండు ఫియట్ టోపొలినో కార్ల ముందు భాగాలు కోసి వెనకా ముందూ అతికించి, డ్రైవరు వెనక 500 సీసీల జాప్ మోటార్‌సైకిల్ ఇంజను పెట్టారు. వెనకెందుకు? గొలుసుతో చక్రం తిప్పాలంటే చక్రం దగ్గర ఉండాలి కాబట్టి. అంతే, సిద్ధాంతం ఏమీ లేదు. అదే గరాజు కార్లతో జాక్ బ్రాభమ్ 1959, 1960లలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, ఆ తర్వాత ఇంజను ముందు పెట్టి ఛాంపియన్ అయినవాడు లేడు. ఇంకో పక్క న్యూజీలాండులో ఒక సర్వీస్ స్టేషను యజమాని తన కొడుక్కి ఆస్టిన్ సెవెన్ అల్స్టర్ ఇచ్చాడు. ఆ కుర్రాడు 1952లో 14 ఏళ్ళకే దాంతో పోటీకి దిగాడు. పేరు బ్రూస్ మెక్‌లారెన్.

అంతా వెన్నెలే కాదు. తేలిగ్గా చెయ్యడం అనే పిచ్చికి ఒక హద్దుండాలి, చాప్‌మన్‌కి ఆ హద్దు ఎక్కడుందో నిర్లక్ష్యం ఎక్కువని నా అభిప్రాయం. 1969లో బార్సిలోనాలో రెక్క విరిగి ప్రమాదం జరిగాక యోఖెన్ రింట్ ఆయనకి ఉత్తరం రాశాడు: మన కార్లకి వేగం ఎలాగూ ఉంది, ఇంకొన్ని కిలోలు వేసి బలహీనమైన భాగాలు గట్టి చేసినా గెలుస్తాం అని దాని సారాంశం. మరుసటి ఏడు, 1970 సెప్టెంబరు 5న, మోంజాలో ప్రాక్టీసు చేస్తుండగా అతని లోటస్ ముందు బ్రేకు షాఫ్టు విరిగింది. రింట్ చనిపోయాడు. ప్రమాదానికి మొదలు ఆ షాఫ్టే అనీ, ప్రాణం తీసింది మాత్రం సరిగ్గా బిగించని రక్షణ కంచె అనీ ఇటలీ కోర్టు తేల్చింది. ఆ ఏటి ఛాంపియన్‌షిప్పు చనిపోయిన మనిషికే దక్కింది. ఇంట్లో కారు చెయ్యాలనుకునేవాడు చాప్‌మన్ జీవితచరిత్ర కంటే ముందు ఆ ఉత్తరం చదవాలి.

మళ్ళీ షెడ్డుకొద్దాం. సిలోన్‌లో పుట్టిన జాన్ హేన్స్ అనే కుర్రాడు ఇంగ్లండులో హాస్టల్లో ఉండి చదువుతూ, రగ్బీ ఆట ఎగ్గొట్టడానికి అనుమతి తెచ్చుకుని ఆస్టిన్ సెవెన్ ఒకటి మార్చుకున్నాడు. అది అమ్ముతానంటే బోలెడంతమంది ఎలా చేశావని అడిగారు. 1956లో బొమ్మలు గీసి చిన్న పుస్తకం వేశాడు. 250 కాపీలు పది రోజుల్లో అయిపోయాయి. ఆ తర్వాత ఆయన పెట్టిన సంస్థే హేన్స్ మాన్యువల్స్. అదే సంస్థ 1996లో, సరిగ్గా 40 ఏళ్ళకి, రాన్ ఛాంపియన్ రాసిన పుస్తకం వేసింది. 250 పౌండ్లతో మీ స్పోర్ట్స్ కారు మీరే చేసుకోండి అని పేరు. పాత ఫోర్డ్ ఎస్కార్టు ఇంజనూ ఇరుసూ, అంగుళం చదరపు స్టీలు గొట్టాలు, ఒక వెల్డింగు మిషను, లోటస్ సెవెన్ ఆకారం. జనం దాన్ని లోకాస్ట్ అన్నారు. 750 మోటార్ క్లబ్బే ఈ కార్లకంటూ పందేల వరుస కూడా పెట్టింది. ఆ 250 పౌండ్లకి ఎవరికీ అయ్యుండదు లెండి. ప్రాజెక్టు ఎస్టిమేట్ల గురించి మనకి వేరే చెప్పాలా!

మరి మన వైపు? మద్రాసు పక్కన షోలవరం కూడా యుద్ధకాలపు రన్‌వేనే, సిల్వర్‌స్టోన్‌కి చుట్టం. 1980లలో అక్కడ విజయ్ మాల్యా విదేశం నుంచి తెప్పించిన ఎన్సైన్ ఫార్ములా వన్ కారు నడిపాడు. అది చూసి చప్పట్లు కొట్టగలం గానీ, మనం చెయ్యగలిగింది ఏముంది? కోయంబత్తూరు మిల్లు కుటుంబానికి చెందిన కరివర్ధన్ దానికి జవాబు వెతికాడు. ఆయనకీ డబ్బుంది, కానీ 1988లో మారుతీ 800 ఇంజను పెట్టి ఫార్ములా మారుతి అనే ఒంటిసీటు కారు తయారుచేశాడు. విడిభాగాలు ఏ సందులో మెకానిక్కు దగ్గరైనా దొరుకుతాయి. 2005లో ఫార్ములా వన్‌కి వెళ్ళిన నారాయణ్ కార్తికేయన్ మనదేశంలో మొదట ఎక్కింది అదే కారు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరులో 2003లో తెరిచిన ట్రాక్‌కి ఆయన పేరే పెట్టారు.

మన రోడ్డు మీదకి మాత్రం ఇలాంటి బండి తేలేం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకీ కంపెనీ ఇచ్చిన వివరాలకీ తేడా రాకూడదు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. ట్రాక్ మీదకైతే ట్రాలీ మీద వేసుకుని పోవచ్చు. కానీ అపార్టుమెంటు సెల్లార్లో గ్రైండరు పెడితే అసోసియేషను ఊరుకుంటుందా? అందుకే మన దగ్గర షెడ్డు పాత్ర కాలేజీ వర్కుషాపు పోషిస్తోంది. 2011లో మొదలైన సుప్రా పోటీకి మన తెలుగు రాష్ట్రాల కాలేజీల జట్లు కూడా కార్లు చేసుకుపోయాయి. అలా చేసినవాళ్ళలో చాలామంది ఇప్పుడు మన పక్క క్యూబికల్లో జావా రాస్తుంటారు, అడిగి చూడండి. ఇలాంటి పోటీల్లో పందెం కంటే ముందు పరీక్షలుంటాయి. కారుని 60 డిగ్రీలు పక్కకి ఒరగబెడతారు, ఒక్క చుక్క పెట్రోలు గానీ ఆయిలు గానీ కారకూడదు. తర్వాత వేగంగా వచ్చి బ్రేకు తొక్కాలి, నాలుగు చక్రాలూ బిగుసుకోవాలి. మూడు బిగుసుకుని ఒకటి తిరిగినా వెనక్కి పంపేస్తారు. ఏడాది పాటు నిద్రల్లేకుండా చేసిన కారైనా సరే.