నిందితుల హక్కులు (కృష్ణా జిల్లా)

నేరం మోపబడిన వ్యక్తికి రాజ్యాంగం, చట్టాలు కల్పించే రక్షణలు. అధికరణం 22 ప్రకారం అరెస్టయిన వ్యక్తిని ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. తనకు నచ్చిన న్యాయవాదిని పెట్టుకోనివ్వాలి. అధికరణం 20(3) ప్రకారం తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని నిందితుణ్ణి ఎవరూ బలవంతపెట్టకూడదు. పోలీసుల ముందు ఒప్పుకున్నంత మాత్రాన అది సాక్ష్యం కాదు.

ఇవి ఎందుకు అవసరమో ఉమ్మడి కృష్ణా జిల్లా ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబరులో జరిగిన ఫార్మసీ విద్యార్థిని హత్య కేసు చెబుతుంది. 2008లో పోలీసులు ఒక పేద దళిత యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు అతణ్ణి దోషిగా తేల్చింది. జైల్లోనే నరాల జబ్బుతో అతని కాళ్లు చచ్చుబడ్డాయి. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా విడుదల చేస్తూ లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. ఎనిమిదేళ్లకు పైగా పోయిన యవ్వనానికి అది ఏ మూలకూ చాలదు. హతురాలి తల్లిదండ్రులు కూడా అసలు దోషి ఇతను కాదనే మొదటినుంచీ అన్నారు. తర్వాత హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

లాయరును పెట్టుకునే స్తోమత లేనివారికి అధికరణం 39ఎ ఉచిత న్యాయ సహాయం కల్పిస్తోంది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమవాసులు మచిలీపట్నంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. జాతీయ న్యాయ సహాయ ఫోన్ నంబరు 15100.