ఒకే కొండ, రెండు ద్రాక్షలు

మన ఆలంకారికులు కావ్యపాకాలను చెప్పేటప్పుడు ద్రాక్షను అన్నిటికంటె సులభమైన మెట్టు మీద ఉంచారు. నోట వేసుకోగానే రసం ఊరితే ద్రాక్షాపాకం. తొక్క ఒలుచుకొని తినవలసివస్తే కదళీపాకం. పీచు తీసి, చిప్ప పగలగొడితే గాని రుచి అందకపోతే అది నారికేళపాకం. ఇటలీ దేశపు వాయవ్య మూలనున్న పియెమోంతె ద్రాక్షలను వారు ఎరిగివుంటే ఈ వర్గీకరణ దగ్గర కాస్త చిక్కులో పడేవారేమో! అక్కడ పక్కపక్కనే పెరిగే రెండు నల్లద్రాక్షలలో బార్బెరా ద్రాక్షాపాకానికి సరిగ్గా అతుకుతుంది. రెండవదైన నెబ్బియోలో మాత్రం అచ్చమైన నారికేళపాకం.

కొంతకాలంగా ఈ రెండు ద్రాక్షల చరిత్రను అక్కడా ఇక్కడా చదువుతూ వస్తున్నాను. వైన్ రుచులను వర్ణించడం నా ఉద్దేశం కాదు, ఆ విద్యలో నాకు ప్రవేశమూ లేదు. మద్యమంటే గిట్టని మిత్రులు కూడా నిర్భయంగా చదవవచ్చు. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. ఒకే కొండ మీద, ఒకే రైతు చేతిలో పెరిగిన రెండు తీగలలో ఒకటి దొరల ద్రాక్షగా, మరొకటి కూలిజనం ద్రాక్షగా ఎలా స్థిరపడ్డాయి? ఆ ఎచ్చుతక్కువలు తీగలో పుట్టినవా, మనుషులు పెట్టినవా?

ముందు వాటి స్వభావాలు చూద్దాం. నెబ్బియోలో ఆ ప్రాంతంలో అన్ని ద్రాక్షలకంటె ముందు చిగురిస్తుంది, అన్నిటికంటె ఆలస్యంగా పండుతుంది. అందువల్ల వసంతకాలపు మంచుకూ దొరుకుతుంది, శరత్కాలపు వానలకూ దొరుకుతుంది. కోతకు అక్టోబరు నెల సగం దాటవలసిందే. కొండకు దక్షిణం వైపున, ఎండ బాగా తగిలే వాలు ఇవ్వకపోతే సరిగా పండదు. ఇంతా చేసి దాని వైన్ రంగు పలచన, పులుపు ఎక్కువ, వగరు మరీ ఎక్కువ. ఆ వగరు మెత్తబడాలంటే ఏళ్ళ తరబడి పీపాలో, తరువాత సీసాలో నిలవ ఉంచాలి. ఈ ద్రాక్షతోనే చేసే బరోలో వైన్‌ను కనీసం 38 నెలలు నిలవ ఉంచాలనీ, అందులో 18 నెలలు కొయ్యపీపాలోనే ఉండాలనీ నేటి నియమం.

బార్బెరా ఇందుకు పూర్తిగా విరుద్ధం. నేల విషయంలో పేచీ పెట్టదు. కాపు దండిగా కాస్తుంది. నెబ్బియోలో కంటె ఇంచుమించు రెండు వారాలు ముందే కోతకు వస్తుంది. రంగు చిక్కన, పులుపు హెచ్చు, వగరు మాత్రం స్వల్పం. అందుచేత కోసిన మరుసటి ఏడాదికే తాగడానికి పనికివస్తుంది. ఇంకొక చిత్రం: ఇటాలియన్ వ్యాకరణంలో నెబ్బియోలో పుంలింగం, బరోలో కూడా పుంలింగమే. బార్బెరాను మాత్రం పియెమోంతె జనం స్త్రీలింగంలోనే పిలుస్తారు. ఇంటిల్లిపాదికీ రోజూ పనికొచ్చేది ఆమె, పండుగనాడు బల్ల మీదికి వచ్చేది ఆయన అన్నమాట. తెలుగులో ఈ బాధ లేదు, రెండూ 'అది'యే.

ఇక దస్తావేజుల సంగతి. నెబ్బియోలో పేరు 1266లో తూరిన్ నగరానికి చేరువనున్న రీవొలి కోట లెక్కలలో కనిపిస్తుంది. పధ్నాలుగవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో బొలోన్యా వాసి పియెత్రొ దె క్రెషెంజి వ్యవసాయం మీద లాటిన్‌లో రచించిన గ్రంథంలో ఈ ద్రాక్షను మెచ్చుకున్నాడు. 1431 నాటి లా మొర్రా గ్రామ శాసనాలు నెబ్బియోలో తీగను నరికినవారికి శిక్ష విధించాయి. అంటే ఈ తీగకు కోట లెక్కలున్నాయి, పండితుడి కితాబు ఉంది, చట్టపు రక్షణ కూడా ఉంది.

మరి బార్బెరా? దాని పేరు స్పష్టంగా కనిపించేది 1798లో, నువొలోనె అనే ప్రభువు పియెమోంతె ద్రాక్షజాతులను వర్ణిస్తూ రాసిన రచనలో. రెండింటి నడుమ అయిదు వందల ఏళ్ళకు పైగా ఎడం! జన్యుపరీక్షలు కూడా కొంత ఇలాంటి కథే చెబుతున్నాయి. నెబ్బియోలోకు చుట్టుపక్కల ద్రాక్షలలో చుట్టరికాలు ఎన్నో బయటపడ్డాయి. బార్బెరాకు ఆ ప్రాంతంలో దగ్గరి బంధువులు దొరకలేదు, కాబట్టి అది వేరే చోటి నుంచి వచ్చి ఉంటుందని పరిశోధకుల ఊహ. కాని ఈ మౌనాన్ని చదివేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం అనిపిస్తుంది నాకు. లెక్కలు రాసింది కోటలోని గుమాస్తా. శిస్తుకూ శిక్షకూ యోగ్యమైన తీగ పేరే అతనికి కావాలి. రైతు తన ఇంటికోసం తొక్కుకున్న ద్రాక్షకు పేరుండవచ్చు గాని, ఆ పేరును కాగితం మీద పెట్టవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. ఒక వస్తువు వయసూ, దాని గురించిన కాగితం వయసూ ఒకటి కావు.

సరే, ఇంత కీర్తి గల నెబ్బియోలో అప్పటినుంచీ నేటి బరోలోలాగే ఉండేదా అంటే, లేదు. 1787లో తూరిన్ వచ్చిన అమెరికన్ రాజనీతిజ్ఞుడు థామస్ జెఫర్సన్ ఈ వైన్ రుచి చూసి, తీపినీ వగరునూ నురుగు చురుకునూ ఒక్కచోటే ఉన్నట్టు రాసుకున్నాడు. అంటే ఆనాడది కొంచెం తియ్యగా, కొంచెం పొంగుతూ ఉండేది. తీపి లేకుండా చేసి, ఏళ్ళ తరబడి నిలవ ఉంచే బరోలో పందొమ్మిదవ శతాబ్దపు సృష్టి. దాని వెనుక ఉన్న పేర్లన్నీ పెద్దవారివే. ఫ్రాన్స్‌లో పుట్టి బరోలో ఫల్లెత్తి వంశంలో కోడలిగా అడుగుపెట్టిన దొరసాని జూలియా కొల్బెర్ ఒకరు. 1832 నుంచి 1849 వరకు గ్రింజానె గ్రామానికి మేయరుగా ఉండి, తరువాత ఐక్య ఇటలీకి తొలి ప్రధాని అయిన కవూర్ మరొకరు. వైన్ తయారీ మీద 1835లో పుస్తకం ప్రచురించిన సైన్యాధికారి స్తాల్యెనొ ఇంకొకరు. వీరికి తోడు లూయీ ఊదార్ అనే ఫ్రెంచి వ్యాపారి. బరోలోకు అసలు కర్త ఊదార్ అని చాలాకాలం చెప్పుకున్నారు. ఆ గౌరవం స్తాల్యెనొకు చెందాలని ఇటీవలి పరిశోధకులు కొందరు వాదిస్తున్నారు.

ఇక్కడ ఒక కథ ప్రచారంలో ఉంది. మీ వైన్ గురించి వినడమే గాని రుచి చూడలేదని రాజు కార్లొ అల్బెర్తొ అంటే, దొరసాని ఆయనకు 325 బండ్ల వైన్ పంపిందట. ఏడాదికి 365 రోజులు, క్రైస్తవుల ఉపవాసదినాలు నలభై తీసివేస్తే రోజుకొక బండి! కథలో ఎంత నిజముందో గాని, ఏళ్ళ తరబడి అమ్మకుండా నిలవ ఉంచిన పీపాలు ఆమె దగ్గర ఉండేవన్నది జనం నమ్మకం. నాకు అసలు విషయం ఇక్కడే దొరికింది. నారికేళపాకం కావాలంటే కాయ పగిలేదాకా ఆగగలగాలి. ఈ ఏడాది పంటను మూడు నాలుగేళ్ళ తరువాత అమ్ముకోవాలంటే ఆ మూడు నాలుగేళ్ళు వేరే దేనితోనైనా ఇల్లు గడవాలి. కోటలో ఉన్నవారికి గడుస్తుంది.

కొండ మీది సగపాలు రైతుకు గడవదు. అతనికి పంట చేతికి వచ్చిన చలికాలంలోనే అప్పులవాడు గుమ్మంలో ఉంటాడు. పియెమోంతె రైతు బార్బెరాను నాటింది అభిరుచి చాలక కాదు, అది వెంటనే డబ్బయ్యే ద్రాక్ష గనుక. పందొమ్మిదవ శతాబ్దం చివర ఫిలాక్సెరా వచ్చింది. పేనుబంకకు దగ్గరి చుట్టమైన ఈ పురుగు వేళ్ళను తిని ఐరోపా ద్రాక్షతోటలను నాశనం చేసింది. ఇటలీలో అది 1879లో బయటపడింది. తీగలు పీకి, అమెరికా వేళ్ళ మీద అంటుకట్టి మళ్ళీ నాటుకోవలసి వచ్చినప్పుడు చాలామంది ఎంచుకున్నది బలంగా పెరిగి దండిగా కాసే బార్బెరానే. బతుకు భారమైనకొద్దీ దాని విస్తీర్ణం పెరిగింది.

ఆ బతుకు ఎలాంటిదో తెలియాలంటే అల్బా పట్టణానికి చెందిన బెప్పె ఫెనోల్యొ 1954లో ప్రచురించిన 'లా మలోరా' నవల చదవాలి. పేదరికం వల్ల ఇంకొకరింట పాలేరుగా కుదిరిన కుర్రవాడి కథ అది. నూతొ రెవెల్లి కూనెయొ జిల్లాలోని పేదరైతుల నోటిమాటలను సేకరించి 1977లో వేసిన 'ఇల్ మోందొ దెయి వింతి' కూడా. 'ఓడినవారి లోకం' అని ఆ పేరుకు అర్థం. నేడు ఎకరం ధర వింటే కళ్ళు తిరిగే ఈ కొండల నుంచి అప్పుడు యువకులు బతుకుతెరువుకు పారిపోయేవారు. అల్బాలో 1946లో మొదలైన ఫెర్రెరో చాక్లెట్ కర్మాగారం కొండ ఊళ్ళకు బస్సులు నడిపి కూలీలను తీసుకుపోయేది. ఆ జీతం వల్లనే చాలామంది తోటలు అమ్ముకోకుండా నిలిచారు.

ఒకరు ఆగలేరు గాని పదిమంది కలిస్తే ఆగగలరు. దీనికి చక్కని ఉదాహరణ బార్బరెస్కొ గ్రామం. నెబ్బియోలో పండించినా సొంతంగా నిలవ చేసే స్తోమత లేక చిన్నరైతులు పళ్ళను దళారులకు తెగనమ్ముకునేవారు. అల్బా వైన్ పాఠశాలకు అధిపతి అయిన దొమీజియొ కవాజ్జా 1894లో తొమ్మిదిమందిని కూడగట్టి సహకార సంఘం పెట్టాడు. అది ఫాసిస్టుల కాలంలో మూతపడింది. 1958లో ఆ ఊరి చర్చి పురోహితుడు 19 మంది చిన్నరైతులతో దానిని మళ్ళీ నిలబెట్టాడు. తొలి మూడు పంటల వైన్ చర్చి నేలమాళిగలోనే తయారైంది. ఆ సంఘం నేటికీ నడుస్తోంది. నెబ్బియోలోకు కావలసింది నీలిరక్తం కాదు, నాలుగేళ్ళ గడువు మాత్రమేనని ఆ నేలమాళిగ రుజువు చేసింది.

బార్బెరాకు అలాంటి అండ ఆలస్యంగా దొరికింది. ఈలోగా ఘోరం జరిగింది. చవక వైన్‌కు ధర దానిలోని ఆల్కహాల్ శాతాన్ని బట్టి ఉండేది. నీరసమైన సరుకుకు ఆ శాతం పెంచడానికి కొందరు వ్యాపారులు విషమైన మిథనాల్ కలిపారు. 1986 మార్చిలో ఇటలీలో ఇరవైమందికి పైగా దాని వల్ల చనిపోయారు, కొందరికి చూపు పోయింది. మొదట పట్టుబడిన చవక సీసాల మీద ఉన్న పేరు బార్బెరా. అవి వచ్చింది బరోలోకు ఎంతో దూరం లేని ఒక ఊరి నుంచి. చనిపోయినవారు వైన్ రసికులు కారు, దుకాణంలో అన్నిటికంటె చవకైనది కొనుక్కున్న సామాన్యులు. పేదవాడి ద్రాక్ష పేరుతో పేదవాడికే విషం అందింది. ఆ పాపంలో తీగకు భాగం లేదు. అయినా మచ్చ మాత్రం దాని పేరుకే అంటింది.

అప్పటికి నాలుగేళ్ళ ముందే, 1982 పంటతో, రొక్కెత్తా తానరొ గ్రామంలో జాకమొ బొలోన్యా ఒక సాహసం చేశాడు. బార్బెరా కాపును తగ్గించి, మంచి వాలులో పండించి, ఫ్రెంచి ఓక్ కొయ్యతో చేసిన చిన్నపీపాలలో నిలవ ఉంచాడు. తీగకు లేని వగరును కొయ్య కొంత అందించింది. 'బ్రిక్కొ దెల్ ఉచ్చెల్లోనె' అన్న ఆ వైన్ బార్బెరా కూడా ఆగగలదని లోకానికి చూపింది. తమాషా ఏమిటంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే లా మొర్రాలో ఏలియొ అల్తారె అనే యువకుడు తన తండ్రి పెద్దపీపాలను రంపంతో కోసేశాడు. అది 1983. ఆ కోపంలో తండ్రి అతనికి వారసత్వం లేకుండా చేశాడు. అల్తారె తరం కోరింది బరోలో త్వరగా మెత్తబడాలని, అన్నేళ్ళు ఆగకుండా అమ్ముడుపోవాలని. బర్తొలొ మస్కరెల్లొ వంటి పెద్దలు చివరిదాకా దానిని ప్రతిఘటించారు. అంటే ఒక కొండ మీద బార్బెరాకు ఆగడం నేర్పుతుంటే, ఇంకొక కొండ మీద నెబ్బియోలోకు తొందర నేర్పుతున్నారు! రెంటికీ సాధనం ఒకటే, ఆ చిన్నపీపా.

తరువాతి కథ క్లుప్తం. బరోలోకు 1980లోనే దక్కిన అత్యున్నత చట్టగుర్తింపు అస్తి బార్బెరాకు 2008లో వచ్చింది. 2014లో యునెస్కో ఈ కొండల ద్రాక్షతోటలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, బరోలో కొండలతో పాటు బార్బెరాకు నెలవైన నీజ్జా ప్రాంతాన్నీ చేర్చింది.

రెండు ద్రాక్షలూ సమానమేనని నేను అనడం లేదు. నెబ్బియోలో వగరు బార్బెరాకు ఎన్ని పీపాలు మార్చినా రాదు, బార్బెరా సులువు నెబ్బియోలోకు పట్టుబడదు. తేడా ప్రకృతి ఇచ్చినదే. ఆ తేడాను అంతస్తుగా మార్చింది మాత్రం గడువు. ఆగగలిగినవాడి చేతిలో పడిన తీగకు చరిత్ర ఉంది, ఆగలేనివాడి చేతిలో పడినదానికి చాలాకాలం ధర మాత్రమే ఉంది. మన పాకాల లెక్కలో ద్రాక్ష తక్కువ, నారికేళం ఎక్కువ అని ఎవరూ అనలేదు. అందుకునే తీరు వేరు, అంతే. పియెమోంతె కొండలకు ఆ మాట అర్థం కావడానికి అయిదారు శతాబ్దాలు పట్టింది.