వారాలబ్బాయి - పసుపు ముక్కు పిట్ట

విద్యార్థులు విందులకూ వినోదాలకూ డబ్బు తగలేయడం ఈ కాలపు తెగులని పెద్దలు తరచు వాపోతుంటారు. చరిత్ర ఆ మాటను సమర్థించదు.

మధ్యయుగపు పారిస్ విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన కుర్రవాణ్ణి ‘పసుపు ముక్కు పిట్ట’ అనేవారు. ఇంకా రెక్కలు రాని పక్షికూన అని ఎకసక్కెం. పాతవారికి విందు చేస్తేగాని అతడు సాటివాడు కాడు. జర్మను విద్యాపీఠాల పద్ధతి మరీ విడ్డూరం. కొత్తవాణ్ణి కొమ్ముల జంతువుగా భావించి, ఆ కొమ్ములను రంపంతో కోసే తంతు నడిపి, చివరికి విందు ఖర్చు అతని నెత్తినే వేసేవారు. నాటి ఒక లాటిను సంభాషణల పుస్తకం దీనిని వర్ణించింది. ఇక లేఖారచన నేర్పే నాటి గ్రంథాలలో, తండ్రిని డబ్బడిగే నమూనా లేఖలు కొల్లలు.

అక్కడ ఊరికి విద్యార్థి ఒక గిరాకీ. 1355 ఫిబ్రవరి 10న ఆక్స్‌ఫర్డులోని ఒక మధుశాలలో, ద్రాక్షసారా బాగులేదని విద్యార్థులు పెట్టుకున్న తగవు పెద్ద అల్లరిగా ముదిరి సుమారు 60 మంది విద్యార్థులను, 30 మంది ఊరివారిని బలిగొన్నది.

మన సంప్రదాయంలో విద్యార్థి గిరాకీ కాడు, అతిథి. మనుస్మృతి బ్రహ్మచారికి ఆటపాటలను, జూదాన్ని నిషేధించింది. ఆధునిక కాలం దాకా పేదపిల్లలు రోజుకొక ఇంట వారాలు చేసుకొని చదువుకున్నారు. వినోదమంటారా, ఊరందరితోపాటు హరికథ, తోలుబొమ్మలాట, వీధిభాగవతం. దానికి అతని చేతిలో కాసు ఉండనక్కరలేదు.

ఇంతవరకు చెప్పి ఆగితే మన గొప్ప చెప్పుకొన్నట్లే గాని, నిజం చెప్పినట్లు కాదు. వారమిచ్చే అరుగు అందరిదీ కాదు గదా! ఆ విస్తరి ముందు కూర్చున్నది చాలావరకు బ్రాహ్మణ బాలుడే. తక్కిన కులాల పిల్లలకు ఆ వాకిలి తెరుచుకోలేదు. పంచముని బిడ్డకైతే ఆ వీధిలో నడవడమే నేరం. వారికి కూడు, గూడు దొరికినది తర్వాతి కాలపు వసతిగృహాలలో, విద్యార్థివేతనాలతో.

కనుక నేడొక కుర్రవాడు మిత్రులకు టీ ఇప్పించి సినిమా చూపిస్తే, విసుక్కునే ముందు ఒక్క క్షణం ఆగుదాం. ఒకప్పుడు ఏ అరుగూ దక్కని వాని మనుమడు, ఒకరికి పెట్టగలగడం ఇదే మొదటిసారి కావచ్చును.