కెనడా ఆస్తి చట్టంలో యాజమాన్య పదజాలం

ఇంగ్లీషులో ఒక వస్తువు తమదని చెప్పడానికి ‘హ్యావ్’, ‘హోల్డ్’, ‘పొసెస్’, ‘ఓన్’ అనే క్రియలను నిత్యవ్యవహారంలో ఒకదాని బదులు మరొకటి వాడుతున్నా, కెనడా ఆస్తి చట్టం వాటిని పర్యాయపదాలుగా చూడదు. ‘పొసెషన్’ అంటే స్వాధీనం, ‘టైటిల్’ అంటే యాజమాన్యపు హక్కు. అద్దెకున్నవారికి ఇల్లు స్వాధీనంలో ఉంటుంది గాని దానిపై టైటిల్ ఉండదు.

ఇంగ్లండు నుంచి వచ్చిన కామన్ లా అమలయ్యే ప్రావిన్సులలో భూమికంతటికీ మూలస్వామి క్రౌన్, అనగా రాజు పేరిట నడిచే ప్రభుత్వం. అందువల్ల ఇల్లు కొన్నవారికి దక్కేది భూమి కాదు, ‘ఫీ సింపుల్’ అనే హక్కు. తెలుగు దస్తావేజులలో కనిపించే ‘దాన వినిమయ విక్రయాది సర్వహక్కులు’ అన్న మాటకు ఇది దాదాపు సమానం. క్వెబెక్‌లో మాత్రం 1994 జనవరి 1న అమలులోకి వచ్చిన సివిల్ కోడ్, తన 947వ అధికరణంలో, యాజమాన్యాన్ని సూటిగానే నిర్వచించింది.

దంపతులు కలిసి కొనే ఇంటి విషయంలో మాటల తేడా మరీ ముఖ్యం. ‘జాయింట్ టెనెన్సీ’ అని రాసుకుంటే ఒకరు మరణించాక ఆ వాటా, వీలునామాతో నిమిత్తం లేకుండా, బతికున్నవారికే చేరుతుంది. ‘టెనెన్సీ ఇన్ కామన్’ అయితే మరణించినవారి వారసులకు పోతుంది. రెండింటిలోనూ ‘టెనెంట్’ అంటే హక్కుదారే తప్ప అద్దెదారు కాదు.

ఈ పదజాలం వల్ల ఎక్కువగా నష్టపోయినవారు ఆదివాసులు. 1888లో సెయింట్ కేథరిన్స్ మిల్లింగ్ కేసులో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ వారి హక్కును రాజు దయపై ఆధారపడిన అనుభవ హక్కుగా మాత్రమే గుర్తించింది. ఇండియన్ యాక్టు కింద ఆదివాసులకు కేటాయించిన రిజర్వు భూములలోనూ టైటిల్ క్రౌన్‌దే, నివాసికి ఇచ్చేది స్వాధీన ధ్రువపత్రమే. తరతరాలుగా ఆ నేలపై బతికినవారిని అనుభవదారులుగా లెక్కగట్టడం అన్యాయమే. నిస్గా ప్రజల పక్షాన ఫ్రాంక్ కాల్డర్ నడిపిన దావా 1973లో ఓడిపోయినా, ఆదివాసీ టైటిల్ అనేది చట్టంలో ఉందని సుప్రీంకోర్టు న్యాయమూర్తులలో అత్యధికులు ఒప్పుకున్నారు. 1997 నాటి డెల్గముక్ తీర్పు ఆ టైటిల్ సమష్టిదనీ, క్రౌన్‌కు తప్ప ఎవరికీ బదలాయించరానిదనీ వివరించింది. 2014 జూన్ 26న బ్రిటిష్ కొలంబియాలోని సిల్కోటిన్ ప్రజలకు 1,700 చదరపు కిలోమీటర్లకు పైగా నేలపై ఆ టైటిల్ ఉందని సుప్రీంకోర్టు ప్రకటించింది. ఒక నిర్దిష్ట భూభాగంపై కెనడాలో అలాంటి ప్రకటన వెలువడటం అదే మొదటిసారి.