వృద్ధుల ధరావతు, వాటాదారుల లాభము

ఒక పెద్ద మొత్తమును ముందుగా చెల్లించి, బ్రతికియున్నంతకాలము కూడును గూడును చూపుమని కోరుట లోకమునకు క్రొత్త కాదు. సంతానము లేని ముదుసలి తన రెండెకరములను దాయాదికి వ్రాసియిచ్చి, కడదాక చూచుకొమ్మనుట మన పల్లెలలో అందరు నెరిగినదే. పొలము చేతికి వచ్చిన తరువాత ఆ దాయాది మాట నిలుపుకొనునా లేదా అన్నది వేరు సంగతి. నేడు న్యూజీలండు, ఆస్ట్రేలియా దేశములలో ఈ బేరమునే కంపెనీలు నడపుచున్నవి. వృద్ధుల కొరకు అవి కట్టిన ఊళ్లను విశ్రాంతి గ్రామములందురు. ఆ కంపెనీల వాటాలు షేరు బజారులో అమ్ముడగుచున్నవి. ఆ వాటాలు కొన్నవానికి లాభము ఎచ్చటినుండి వచ్చునో తెలియవలెనన్న, కొంత వెనుకకు పోవలెను.

మధ్యయుగపు ఇంగ్లండులో క్రైస్తవ మఠములు ఇట్టి ఒప్పందమును ‘కారొడీ’ అను పేర అమ్మెడివి. కొనువాడు రొక్కమునో భూమినో మఠమునకు సమర్పించును. మఠము వానికి ఉండుటకు చోటును, రోజునకు ఇన్ని రొట్టెలును, ఇంత బార్లీ సారాయును ప్రాణమున్నంతవరకు ఇచ్చును. అవసరములో చిక్కిన మఠాధిపతులు ముందువెనుకలు చూడక వీనిని అమ్మిరి. కొన్నవాడు త్వరగా కాలము చేసిన మఠమునకు లాభము. తొంబది యేండ్లు జీవించిన నష్టము. ఇది చాలదన్నట్లు, రాజులు తమ ముసలి సేవకులను దమ్మిడీ ఇయ్యకయే మఠములపైకి త్రోయుచుండిరి. బిషప్పులు తనిఖీకి వచ్చినపుడు తమ అనుమతి లేనిదే కారొడీలు అమ్మరాదని ఆజ్ఞాపించెడివారు. ఒకే ఆజ్ఞ మరల మరల వెలువడినదనిన, అమ్మకము ఆగలేదనియే మనము గ్రహింపవలెను.

ఆయువునకు వెలకట్టుట ఎట్లో ఆనాటివారికి తెలియదు. తోకచుక్క పేర మనకు సుపరిచితుడైన ఎడ్మండ్ హేలీ 1693లో బ్రెస్లా నగరపు జనన మరణముల లెక్కలనుండి ఒక పట్టిక కూర్చి, ఏ వయసువానికి జీవితకాలపు భృతిని ఎంతకు అమ్మవలెనో చూపెను. అయినను, పట్టిక ఉన్నంతమాత్రమున దానిని అందరును చూతురా? కాలిఫోర్నియా కేంద్రముగా మెథడిస్టు చర్చికి అనుబంధముగా వృద్ధాశ్రమములు నడపిన పసిఫిక్ హోమ్స్ అను సంస్థ, ముందుగా పుచ్చుకొన్న ధనమునకు బదులుగా జీవితాంతము సంరక్షణ చేయుదుమని ఒప్పుకొన్నది. చేరినవారు అనుకొన్నదానికంటె ఎక్కువ కాలము జీవించిరి. ధరలు పెరిగినవి. క్రొత్తగా చేరినవారి సొమ్ముతో పాతవారి ఖర్చు గడుపవలసివచ్చినది. 1977లో ఆ సంస్థ దివాలా తీసెను. నివాసులు వేసిన దావా 1980లో 2 కోట్ల 10 లక్షల డాలర్లకు రాజీ యైనది.

ఇంతవరకు చెప్పిన గాథలలో వాటాదారుడు లేడు. అతడు ప్రవేశించిన తీరునకు న్యూజీలండు చరిత్రయే మంచి ఉదాహరణము.

1984లో క్రైస్ట్‌చర్చ్ నగరమున జాన్ రైడర్, కెవిన్ హిక్‌మన్ అను ఇరువురు కలిసి ఒక సంస్థను స్థాపించిరి. ఇద్దరి పేర్లను అతికి దానికి ‘రైమన్’ అని పేరు పెట్టిరి. హిక్‌మన్ పూర్వము పోలీసు ఉద్యోగి. 1999లో ఈ సంస్థ షేరు బజారుకు వచ్చి 2 కోట్ల 50 లక్షల న్యూజీలండు డాలర్లు సేకరించినది. ఆపై ఇరువది మూడేండ్లకు పైగా వాటాదారులనడిగి క్రొత్త మూలధనము తెచ్చుకొనలేదు. అయినను ఊరి తరువాత ఊరు కట్టుచునే పోయినది. ఆ సొమ్ము ఎవరిది?

ఆ దేశపు రివాజు చూడుడు. గ్రామమున చేరు వృద్ధుడు ఇల్లు కొనడు. ఇంటిలో నివసించు హక్కును మాత్రము కొనును. అతడు 5 లక్షల డాలర్లు చెల్లించెననుకొందము. ఆ ధనముపై వడ్డీ లేదు. అతడు వెడలిపోయిన పిదప, నూటికి ఇరువది మొదలు ముప్పదివరకు నిర్వహణ రుసుముగా మినహాయించుకొని మిగిలినది తిరిగి యిత్తురు. నూటికి ఇరువది చొప్పున 4 లక్షలు అతని వారసులకు చేరును. ఈలోపల ఇంటి వెల 7 లక్షలైనచో, ఆ హక్కును మరియొకరికి 7 లక్షలకు అమ్మి, పెరిగిన 2 లక్షలను కూడ సాధారణముగా కంపెనీయే ఉంచుకొనును. అనగా కంపెనీకి 3 లక్షలు మిగులును. గ్రామములు కట్టిన ధనములో పెద్ద భాగము నివాసుల వడ్డీలేని ఋణమే.

కారొడీలో దీర్ఘాయువు అమ్మినవానికి శాపము. ఈ పద్ధతిలో ఆ భారము చాలవరకు తొలగినది. ఖర్చులకు వారపు రుసుము వేరుగా కలదు. కాని లాభము చేతికందునది ఇల్లు ఖాళీ యైనపుడే. వాటాదారుల పత్రములు దీనిని ‘పునర్విక్రయము’ అని మర్యాదగా పేర్కొనును. ఎవరో ఒక వృద్ధుడు ఆసుపత్రికో శ్మశానమునకో తరలినగాని ఆ పునర్విక్రయము జరుగదు. ఈ మాట కటువుగా నుండవచ్చును. కాని ఈ వాటాలు కొనువాడు ఎరుగవలసిన మొదటి సంగతి ఇదియేనని మా అభిప్రాయము.

రెండవది లెక్కల సంగతి. ఇండ్ల వెలలు పెరిగినపుడు, అమ్మకపోయినను ఆ పెరుగుదలను ఆ యేటి లాభములో చూపుదురు. పుస్తకమున లాభము కనిపించును గాని పెట్టెలో నగదు ఉండదు. చాలకాలము ఎవరును దీనిని అంతగా పట్టించుకొనలేదు. ఇండ్ల ధరలు ఎక్కుచు, వడ్డీలు దిగుచుండినవి కదా! 2021లో రైమన్ వాటా 15 డాలర్ల ప్రాంతమున అమ్ముడైనది.

ఆ యేటి అక్టోబరునుండి న్యూజీలండు రిజర్వు బ్యాంకు వడ్డీరేటును పెంచసాగెను. 0.25 శాతముగా నుండినది 2023 మే నాటికి 5.5 శాతమైనది. ఇండ్ల ధరలు పడిపోయినవి. గ్రామమున చేరగోరు వృద్ధుడు ముందు తన పాత ఇల్లు అమ్ముకొనవలెను; అది అమ్ముడుపోదు, కనుక గ్రామములోని ఇల్లును అమ్ముడుపోదు. కట్టడములకై తెచ్చిన అప్పు మాత్రము కూర్చుండియున్నది. 2023 ఫిబ్రవరిలో రైమన్ వాటాదారుల ముంగిటికి వచ్చి, వాటా 5 డాలర్ల చొప్పున 90 కోట్ల 20 లక్షల డాలర్లు అడిగినది. డివిడెండు నిలిచిపోయినది. రెండేండ్లకు, 2025 ఫిబ్రవరిలో, మరల 100 కోట్లు కావలసివచ్చినవి. ఈసారి వాటా వెల 3 డాలర్ల 5 సెంట్లు. నివాసులెవరును వీధిపాలు కాలేదు. పసిఫిక్ హోమ్స్‌కును దీనికిని గల భేదమిది. ఇచట దెబ్బ తగిలినది వాటాదారునకు. అందుకే వాటాదారుడున్నాడని చెప్పవచ్చును.

అతడు ధనవంతుడే కానక్కరలేదు. 2007లో ఆ దేశమున ‘కీవీసేవర్’ అను పొదుపు పథకము మొదలైనది. ఉద్యోగుల జీతములనుండి కొంత తీసి వృద్ధాప్యమునకై నిలువచేయు పథకమిది. ఆ నిధులలో అనేకము ఈ కంపెనీల వాటాలను కొన్నవి. అచట స్థిరపడిన మన తెలుగువారిలో కొందరు, తమకు తెలియకయే, ఈ గ్రామములలో కొంత భాగస్వాములైయుందురు.

వాటాదారుని వెన్నాడునది ధరలు మాత్రమే కాదు. 2017 జూన్‌లో ఆస్ట్రేలియా పత్రికలును ప్రసార సంస్థయు కలిసి ఏవియో అను కంపెనీ ఒప్పందములలోని రుసుములను బయటపెట్టగా, దాని వాటా వెల పడిపోయినది. 2019లో బ్రూక్‌ఫీల్డ్ అను విదేశీ సంస్థ దానిని కొనివేసినది.

న్యూజీలండులో 2003 నాటి విశ్రాంతి గ్రామముల చట్టము నివాసికి కొంత రక్షణ కల్పించినది. సంతకమునకు ముందు అతడు స్వతంత్రుడగు న్యాయవాది సలహా పొందియే తీరవలెను. సంతకమైన తరువాత కూడ, మనసు మార్చుకొనుటకు 15 పనిదినముల గడువు కలదు. కాని నివాసి పోయిన పిదప వారసులకు సొమ్ము ఎన్నాళ్లలో ముట్టవలెనో ఆ చట్టము నిర్ణయింపలేదు. క్రొత్తవాడు వచ్చి చెల్లించువరకు చాలమంది వేచియుండిరి. 2023 ఆగస్టులో ప్రభుత్వము చట్టమును పునఃపరిశీలించుటకు ఒక చర్చాపత్రము ప్రకటించి, ఈ గడువు విషయమై ప్రజల అభిప్రాయము కోరినది. తండ్రి ధరావతు కొరకు ఎదురుచూచు కుమార్తెకు అది నెలల లెక్క. గడువు విధించినచో, ఇల్లు అమ్ముడుపోకున్నను తిరిగి చెల్లించుటకు కంపెనీ నగదు సిద్ధముగా నుంచుకొనవలెను. ఆ నగదు వడ్డీలేని ఋణమునుండి కాక, వాటాదారుని డివిడెండునుండియో, బ్యాంకునుండియో రావలసియుండును.